క్విల్లింగ్ రేకులన్నీ ఒకే సైజులో రావాలంటే

క్విల్లింగ్ అంటే సన్నటి కాగితం పట్టీలను సూదికి చుట్టి, ఆ చుట్టలతో పువ్వుల్లాంటివి చేయడం. గ్రీటింగ్ కార్డు మీద ఇలా చేసిన పేపర్ పువ్వు వంకరగా వస్తోందంటే తప్పు చుట్టడంలో కాదు, చుట్టను వదలడంలో ఉంటుంది. చేతిలోనే వదిలేస్తే ఒక్కోటి ఒక్కోలా విప్పుకుంటుంది. గుండ్రటి రంధ్రాలున్న ప్లాస్టిక్ స్కేలు తీసుకుని, 15 మి.మీ. రంధ్రంలో వదలండి. అంచు తగిలి అక్కడే ఆగిపోతుంది. పట్టకారుతో తీసి కొస అంటించండి. లోపలి మెలికలన్నీ ఒక పక్కకు లాగి, ఎదుటి పక్క గట్టిగా నొక్కితే చక్కటి చుక్క ఆకారం వస్తుంది. ఒక్కో రేకుకు 25 సెం.మీ. పట్టీ, పువ్వుకు ఐదు రేకులు. పట్టీలన్నీ సమానంగా కత్తిరించుకోవాలి, అరంగుళం తేడా కూడా కనిపిస్తుంది.

పట్టీ చుట్టాక సూదిని సూటిగా లాగేయకండి, మధ్య మెలిక బయటికొచ్చేస్తుంది. కొంచెం వెనక్కి తిప్పి జార్చండి.

ఫెవికాల్ సీసా నుంచి నేరుగా వద్దే వద్దు. తడికి పట్టీ మెత్తబడి చుట్ట కూలుతుంది, కార్డు మీద మెరిసే మరక మిగులుతుంది. పాత మూతలో ఒక్క చుక్క వేసుకుని టూత్‌పిక్‌తో అద్దితే చాలు.

కార్డుకు 3 మి.మీ. వెడల్పు పట్టీలే వాడండి. 5 మి.మీ. వైతే ఎత్తు ఎక్కువై కవర్లో నలిగిపోతాయి. అడుగున కనీసం 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) అట్ట ఉండాలి, పలచనిదైతే పూల బరువుకు వంగిపోతుంది.