గేర్‌బాక్స్ దించే ముందు నేల బాగు చేశాను

విజయనగరంలో మా ఇంటి వెనక షెడ్డులో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఉంది. ఇంజను ముందు, శక్తి అందేది వెనక చక్రాలకు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపు శక్తిని చేర్చే పొడవాటి కడ్డీని, అంటే ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి, గేర్‌బాక్సును కిందికి దించాలి.

పనిముట్లన్నీ సర్దుకుని కారును నాలుగు స్టాండ్ల మీద నిలిపానో లేదో ‘టిక్’మని చప్పుడు. వెనక ఎడమ స్టాండు కింద నాపరాయి వెంట్రుకవాసి చీలింది. గుండె గుభేలుమంది. ఇంకా కారు కిందికి దూరలేదు, అదే అదృష్టం. వెంటనే దించేశాను.

రాయి లేపి చూస్తే కింద ఇసుక గుల్లబారి ఉంది. కారు బరువంతా అరచేయంత స్టాండు పాదాల మీదే పడుతుంది; గుల్ల మీద పరిచిన రాయి దాన్ని మోయలేదు. పైగా వాన నీరు పోవడానికని నేలను గుమ్మం వైపు వాలుగా వేశారు. మేస్త్రి మట్టం చూసే నీళ్ళ గొట్టం పట్టి, “ఈ చివరికీ ఆ చివరికీ రెండంగుళాల తేడా ఉంది బాబూ” అన్నాడు.

రాళ్ళన్నీ తీయించి, దిమ్మిస కొట్టించి, ఆరంగుళాల మందాన ఎం20 రకం (బలాన్ని బట్టి పెట్టిన పేరు) కాంక్రీటు మట్టంగా వేయించాను. నీటికి గుమ్మం దగ్గర అడ్డంగా చిన్న కాలువ. గోనెసంచులు కప్పి 14 రోజులు తడిపాం. బరువు మోపింది మాత్రం 28 రోజులు నిండాకే. ఇక్కడ తొందరపడేవాళ్ళను చూస్తే నాకు భయం.

ఈసారి విప్పిన చక్రాలను కూడా బాడీ కింద ఆసరాగా పడుకోబెట్టాను. గేర్‌బాక్సును ట్రాలీ జాక్ మీద బెల్టుతో కట్టి దించాను. పాత క్లచ్ దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అందుకే గాలి కొట్టకుండా తడిబట్టతో తుడిచాను. సాయంత్రానికి కొత్త క్లచ్ ప్లేటు ఎక్కింది.