లైవ్‌లో దించిన హరికథ మైకుసెట్టులో పలకకపోతే

ఒడిశాలోని పర్లాకిమిడి, గునుపురం, రాయగడ పందిళ్లలో పెన్‌డ్రైవ్ పెట్టి వాయించే మైకుసెట్లకు ఎంపీత్రీ వస్తే చాలు, పని జరిగిపోతుంది. నెట్ నుంచి దించినవి మాత్రం వేరే రూపంలో ఉంటాయి. అసలు తిప్పలన్నీ అక్కడే.

గంట కథ దించితే ఫైలు రెండు కేబీలే ఉంది

అందులో కథ లేదు, కథ ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే చిట్టా ఉంది. పేరు చివర ఎం3యు8 (.m3u8) అని ఉందేమో చూడండి. పాటలు, వీడియోలు వాయించే ఉచిత ప్రోగ్రాం వీఎల్‌సీలో కంట్రోల్-ఎన్ నొక్కి ప్రసారం లింకు అతికించండి. ప్లే పక్కనున్న బాణం నొక్కి కన్వర్ట్ ఎంచుకుంటే ముక్కల్ని అదే వరసగా తెచ్చుకుంటుంది.

పేరు చివర ఎంపీత్రీ అని మార్చినా పలకదు

పేరు మారిస్తే లోపలి సరుకు మారదు. వీఎల్‌సీలో వాయిస్తూ కంట్రోల్-జె నొక్కండి, లోపలున్న ఆడియో రకం ఓపసో ఏఏసీయో తేలిపోతుంది. తర్వాత కంట్రోల్-ఆర్ నొక్కి ఆడియో ఎంపీత్రీ, 128 కేబీపీఎస్ (సెకనుకు పట్టే డేటా), 44,100 హెర్ట్జ్ (సెకనుకు తీసే ధ్వని నమూనాలు) పెట్టండి. గంటకు సుమారు 58 ఎంబీ అవుతుంది. అదే కుదించని వేవ్ ఫైలు అయితే 635 ఎంబీ. అసలు ప్రసారమే 64 కేబీపీఎస్ అయితే 320 పెట్టినా స్పష్టత పెరగదు, పెన్‌డ్రైవ్ నిండుతుందంతే.

కథ వెనకా ముందూ అవుతోంది, మధ్యమధ్య టిక్కుమంటోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. ప్రసారం ముక్కల్ని విడివిడిగా దించుకుంటే, ముక్క 6 సెకన్లయితే గంటకు 600 టీఎస్ (.ts) ముక్కలు. ఒక్కోదాన్ని విడిగా ఎంపీత్రీ చేస్తే ప్రతిదాని మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. అతికాక అదే టిక్కుమంటుంది. ముందు కలపండి, ఆ తర్వాత ఒక్కసారే మార్చండి. విండోస్‌లో ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ ప్రాంప్టులో కాపీ స్లాష్-బి (copy /b) కమాండుతో టీఎస్ ముక్కలు కలుస్తాయి. అయితే ఫోల్డర్‌లో 1, 2, 3 అని సరిగ్గా కనిపించే ముక్కల్ని ఆ కమాండు 1, 10, 100, 101 అని అక్షర క్రమంలో తీసుకుంటుంది. సీతా కల్యాణం కాకుండానే వనవాసం వచ్చేస్తుంది! పేర్లు 001, 002 అని మూడంకెల్లో పెట్టాకే కలపండి.

కలిపాక అసలు పలకకపోయినా, వట్టి గరగర వినిపించినా ముక్కలకు తాళం (ఎన్‌క్రిప్షన్) వేసి ఉండొచ్చు. దాన్ని పగలగొట్టే పని పెట్టుకోవద్దు, ప్రసారం చేసినవాళ్లనే అసలు రికార్డింగు అడగండి.

గొంతు సన్నబడి కథ పరుగెడుతోంది

44,100 హెర్ట్జ్‌తో రికార్డయినదాన్ని 48,000 అనుకుని వాయిస్తే వేగం దాదాపు 9 శాతం పెరుగుతుంది, శ్రుతి హార్మోనియం మీద మెట్టున్నర పైకెళ్తుంది. ఆడియోను సరిదిద్దే ఉచిత ప్రోగ్రాం ఆడాసిటీలో ట్రాకు పేరు మీద నొక్కి, రేటు 44,100 చేసి ఎక్స్‌పోర్టు చేయండి.

కంప్యూటర్లో పలికేది సెట్టులో పలకడం లేదు

పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉందేమో చూడండి, దాన్ని చాలా సెట్లు చదవలేవు. అందులో ఉన్నవి వేరేచోట దాచుకుని ఫ్యాట్32కి ఫార్మాట్ చేయండి. తెలుగు, ఒడియా పేర్లు డబ్బాలుగా కనిపిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. పాత సెట్లు కొన్ని కాపీ అయిన వరసలోనే వాయిస్తాయి, అందుకని ఫైళ్లను ఒక్కొక్కటిగా, వాయించాల్సిన క్రమంలో ఎక్కించండి.