ప్రత్యర్థి జట్టు ఆఖర్లో కుప్పకూలుతుంటే అనంతపురం మిద్దె మీద నుంచి చూడటం ఎలా

బేస్‌బాల్‌లో ఆట ముగించే గడియారం లేదు. ఓవర్లు అయిపోవడం, వెలుతురు తగ్గిందని ఆట ముగియడం ఉండవు. గెలవాలంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లో, ఇన్నింగ్స్‌కు మూడు చొప్పున, 27 ఔట్లు తీయాల్సిందే. ఇరవయ్యారు తీసి ఇరవై ఏడోది తీయలేకపోతే గెలుపు చేతికి రాదు. మనకు గిట్టని జట్టు సరిగ్గా ఆ ఇరవై ఏడో ఔట్ దగ్గర తడబడి, గ్లౌలో పడ్డ బంతిని నేలపాలు చేసుకుంటుంటే చూడటం ఈ ఆటలో దొరికే గొప్ప సంబరాల్లో ఒకటి. హైలైట్స్‌లో చూస్తే ఆ రుచి పదో వంతు కూడా రాదు. కూలడం కనిపించేది తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అయినా, మొదలయ్యేది చాలాసార్లు ఏడు, ఎనిమిదిల్లోనే. అక్కడి నుంచి వరసగా చూసినవాళ్లకే అది పూర్తిగా దక్కుతుంది.

ముందు టైం లెక్క

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా న్యూయార్క్, బోస్టన్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో కంటే పన్నెండున్నర గంటలు. న్యూయార్క్‌లో రాత్రి 7:05కి మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున 4:35కి మొదలవుతుంది. 2023లో పిచ్చర్ (బంతి వేసేవాడు) ఇన్ని సెకన్లలో బంతి వేయాలనే పిచ్ క్లాక్ పెట్టాక ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాల్లో ముగుస్తోంది. అంటే ఏడో ఇన్నింగ్స్ ఆరున్నర ప్రాంతంలో, తొమ్మిదోది ఏడు గంటల అటూఇటూగా వస్తుంది. కాబట్టి నాలుగున్నరకే లేవాల్సిన పని లేదు. ఆరింటికి లేచి, అప్పటిదాకా జరిగింది పది నిమిషాలు చదువుకుంటే చాలు.

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ వైరం చూసేవాళ్లకు మామూలు రోజుల్లో ఇబ్బందే. అక్కడ రాత్రి 7:10 అంటే మనకు పొద్దున 7:40. ఆఖరి ఇన్నింగ్స్ పది గంటల అటూఇటూగా పడుతుంది, సరిగ్గా ఆఫీసుకో బడికో చేరే వేళకు. అందుకే అనంతపురానికి అన్నిటికంటే మంచి రోజు ఆదివారం పొద్దున, ఎందుకంటే అది అమెరికాలో శనివారం రాత్రి. వాళ్ల ఆదివారం పగటి ఆటలు, న్యూయార్క్ టైంలో ఒంటిగంటకు మొదలయ్యేవి, మనకు రాత్రి పదిన్నరకు మొదలై ఒంటిగంట దాటాక ముగుస్తాయి. సోమవారం పొద్దున పని ఉన్నవాళ్లు వాటిని వదిలేయడమే మేలు.

ఫోన్‌లో స్కోరు నోటిఫికేషన్లు ముందే ఆపేయండి. వీడియో ఎప్పుడూ అసలు ఆట కంటే కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. పిచ్చర్ ఇంకా చెయ్యి ఎత్తకముందే నోటిఫికేషన్ వచ్చి ఏం జరగబోతోందో చెప్పేస్తే ఆ ఉదయమంతా వృథా. వీడియో దొరకని రోజు ఎమ్మెల్బీ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్) యాప్‌లో గేమ్‌డే పెట్టుకోండి, పిచ్ పిచ్‌కూ ఏం జరిగిందో చూపిస్తుంది. రెండూ పక్కపక్కనే మాత్రం పెట్టకండి.

ఏప్రిల్, మే నెలల్లో ఎటూ మిద్దె మీదే పడుకుంటారు కాబట్టి అక్కడే చూడొచ్చు. పక్క మిద్దెల మీద పడుకున్నవాళ్లను గుర్తుంచుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. బోస్టన్‌లో బంతి జారితే ఇక్కడ వీధంతా లేవాల్సిన అవసరం లేదు.

ఉగ్గాని ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆరో ఇన్నింగ్స్ మొదట్లో. నలుగురికి పావు కిలో బొరుగులు, రెండు ఉల్లిగడ్డలు, రెండు టమోటాలు, ఐదారు పచ్చిమిరపకాయలు, నాలుగు చెంచాల పుట్నాల పొడి. తరుక్కోవడం, తిరగమోత ఆరో ఇన్నింగ్స్‌లో అయిపోవాలి. బొరుగులను మాత్రం ఏడో ఇన్నింగ్స్ మధ్యలో వచ్చే విరామంలోనే నీళ్లలో వేసి, నిమిషంలోపే పిండి బాండ్లీలో వేయండి. ముందే తడిపి పెడితే ముద్దయిపోతాయి. పొడి చల్లి, నిమ్మకాయ పిండి దించేసరికి ఏడో ఇన్నింగ్స్ రెండో సగం నడుస్తుంటుంది. మిరపకాయ బజ్జీలు కావాలంటే బయటి నుంచి తెప్పించుకోండి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కాగిన నూనె ముందు నిలబడి ఫోన్ చూడటం ప్రమాదం.

నోటుబుక్కు

ఇది లేకుండా కూర్చోకండి. అడ్డంగా తిప్పిన లాంగ్ నోటుబుక్కు చాలు. బ్యాటర్లకు తొమ్మిది వరసలు, ఇన్నింగ్స్‌కు ఒకటి చొప్పున తొమ్మిది నిలువు గడులు, పక్కన మూడు ఖాళీ గడులు అదనపు ఇన్నింగ్స్ కోసం. ఫీల్డర్లకు పేర్లు రాయకూడదు, నంబర్లు రాయాలి: పిచ్చర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6, లెఫ్ట్ ఫీల్డర్ 7, సెంటర్ 8, రైట్ 9. షార్ట్‌స్టాప్ బంతిని అందుకుని మొదటి బేస్‌కు విసిరి ఔట్ చేస్తే 6-3. రెండో బేస్ ఆటగాడు తప్పు (ఎర్రర్) చేస్తే ఈ4. స్ట్రైకౌట్‌కు (మూడు స్ట్రైక్‌లతో ఔట్) కె, నాలుగు బాల్స్ (కొట్టే పరిధి బయటి బంతులు) వేసి బేస్ ఊరికే ఇచ్చేస్తే, అంటే వాక్ ఇస్తే బీబీ, క్యాచర్ ఆపలేనంత గురి తప్పిన వైల్డ్ పిచ్‌కు డబ్ల్యూపీ.

గడి కింద మూలలో పిచ్‌ల సంఖ్య కూడా రాయండి. చాలామంది వదిలేసేది ఇదే, ఆఖర్లో ఎక్కువ చెప్పేదీ ఇదే. ఆఖరి ఇన్నింగ్స్‌కు వచ్చే క్లోజర్ మామూలుగా ఒక్క ఇన్నింగ్సే వేస్తాడు, పదిహేను ఇరవై పిచ్‌లతో పని ముగిస్తాడు. మీ గడుల్లో మొత్తం ఇరవై అయిదు దాటి, ఔట్లు ఇంకా ఒకటే ఉంటే ఉగ్గాని పళ్లెం పక్కన పెట్టి ముందుకు జరిగి కూర్చోండి.

కూలబోతోందని చెప్పే గుర్తులు

మొదటిది, ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్‌కే వాక్ ఇవ్వడం. మూడు రన్ల ఆధిక్యంలో ఉన్న పిచ్చర్ స్ట్రైక్ వేయడానికి భయపడుతున్నాడంటే చెయ్యి అదుపులో లేదన్న మాట. 2004 అక్టోబర్ 17న అమెరికన్ లీగ్ ఫైనల్ నాలుగో ఆటలో న్యూయార్క్ యాంకీస్ బోస్టన్ రెడ్‌సాక్స్ మీద సిరీస్‌లో 3-0తో, ఆ ఆటలో 4-3తో ముందున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్ వేస్తున్నది మరియానో రివేరా. మొదటి బ్యాటర్ కెవిన్ మిలార్‌కు వాక్ ఇచ్చాడు. అతని బదులు పరుగెత్తడానికి వచ్చిన డేవ్ రాబర్ట్స్ బ్యాటర్ కొట్టకుండానే పరుగెత్తి రెండో బేస్ దొంగిలించాడు, బిల్ మ్యూలర్ కొట్టిన సింగిల్‌తో స్కోరు సమమైంది. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్‌రన్‌తో రెడ్‌సాక్స్ గెలిచారు. ఆ తర్వాత వరసగా మూడు ఆటలు గెలిచి సిరీసే లాక్కున్నారు. అంతటికీ మొదలు ఆ నాలుగు బాల్స్.

రెండోది, క్యాచర్ మాటిమాటికీ పిచ్చర్ దగ్గరికి నడవడం. 2024 నుంచి పిచ్చర్‌ను మార్చకుండా అలా వెళ్లడానికి, కోచ్ వెళ్లినా ఆటగాడు వెళ్లినా అన్నీ కలిపి, ఒక ఆటకు నాలుగు సార్లే అనుమతి. ఎన్ని అయిపోయాయో పుస్తకం పై మూలలో గీతలు పెట్టండి. ఎనిమిదో ఇన్నింగ్స్ ముగిసేలోపే నాలుగూ వాడేసిన జట్టుకు తొమ్మిదిలో ఒక్కటి అదనంగా ఇస్తారు. అదీ అయిపోతే పిచ్చర్ కంగారుపడుతున్నా పక్కకు పిలిచి మాట్లాడలేరు.

మూడోది, బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు పిచ్చర్ తాను నిలబడే రబ్బరు పలక మీద నుంచి పదేపదే దిగడం. ఒక బ్యాటర్‌కు రెండు సార్లే దిగొచ్చు. మూడోసారి దిగి రన్నర్‌ను ఔట్ చేయలేకపోతే అది బాక్ అనే తప్పు, రన్నర్ ఊరికే ఒక బేస్ ముందుకెళ్తాడు. రన్నర్ల పని తేలిక చేసిన రూల్ ఇది. రెండోసారి దిగాక రన్నర్ బేస్‌కు ఇంకో అడుగు దూరం జరుగుతాడు, అది చూడండి.

నాలుగోది చాలామందికి తెలియదు. 2020 నుంచి కొత్తగా వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ ముగించాలి. వచ్చీరాగానే ఒకరికి వాక్ ఇచ్చి, ఇంకొకరిని బంతితో కొట్టినా గాయమైతే తప్ప మార్చడానికి వీల్లేదు. ఆ మూడో బ్యాటర్ పని ముగిసేదాకా మేనేజర్ డగౌట్ (జట్టు కూర్చునే చోటు) కటకటాలు పట్టుకుని నిలబడే దృశ్యం చూడదగ్గది.

బంతిని కాదు, కాళ్లను చూడండి

ఇదే అన్నిటికంటే ముఖ్యం. బంతి గాల్లోకి లేచినప్పుడు కళ్లు దాని వెంటే పోతాయి. రెండు ఔట్లు పడ్డాక ఒక్క క్షణం రన్నర్ల మీదికి తిప్పండి. మంచి రన్నర్ రెండు ఔట్లున్నప్పుడు క్యాచ్ పడుతుందా లేదా అని చూడడు, బ్యాట్ తగలగానే పరుగెడతాడు. పట్టినా ఇన్నింగ్స్ ముగిసేదే కాబట్టి పోయేదేమీ లేదు. అనంతపురం గ్రౌండ్లలో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలను అడిగినా ఇదే చెప్తారు. అక్కడ బేస్‌ల మధ్య 60 అడుగులు, బేస్‌బాల్‌లో 90, రూల్ మాత్రం అదే.

2009 జూన్ 12న న్యూయార్క్ జట్లు మెట్స్, యాంకీస్ ఆడిన ఆట చూడండి. తొమ్మిదో ఇన్నింగ్స్ కింది సగం (సొంత ఊరి జట్టు బ్యాటింగ్ చేసే రెండో సగం), రెండు ఔట్లు, మెట్స్ 8-7తో ముందున్నారు. రెండో బేస్ మీద డెరెక్ జీటర్, మొదటి బేస్ మీద మార్క్ టెషేరా. అలెక్స్ రోడ్రిగెజ్ కొట్టిన బంతి ఇన్‌ఫీల్డ్ వెనక్కి ఎత్తుగా లేచింది. బడిపిల్లాడు కూడా పట్టే క్యాచ్. రోడ్రిగెజ్ విసుగుతో బ్యాట్ నేలకు కొట్టాడు. రెండో బేస్ ఆటగాడు లూయిస్ కాస్టియో వెనక్కి నడుస్తూ ఒక్క చేత్తో గ్లౌ చాచాడు. బంతి గ్లౌకు తగిలి కింద పడింది. జీటర్ హోమ్ (రన్ పూర్తయ్యే చోటు) చేరిపోయాడు. కాస్టియో బంతి తీసి హోమ్ వైపు కాకుండా రెండో బేస్ వైపు విసిరాడు. మొదటి బేస్ నుంచి తల దించుకుని పరుగెత్తుతూనే ఉన్న టెషేరా కూడా హోమ్‌లోకి జారాడు. యాంకీస్ 9-8. టీవీలో చాలామంది జారిన బంతినే చూశారు. ఆట గెలిపించింది టెషేరా కాళ్లు. యాంకీస్ అభిమానికి ఆ రీప్లే నిజంగా రుచించాలంటే రెండోసారి టెషేరాను మాత్రమే చూడాలి.

సంబరం ఎప్పుడు మొదలుపెట్టాలి

మీ ప్రత్యర్థి ఆ రోజు సొంత ఊళ్లో ఆడుతోందా, బయట ఆడుతోందా ముందే చూసుకోండి. ప్రతి ఇన్నింగ్స్‌లో బయటి జట్టు పై సగంలో, సొంత ఊరి జట్టు కింది సగంలో బ్యాటింగ్ చేస్తాయి. ప్రత్యర్థి బయట ఆడుతూ తొమ్మిదో ఇన్నింగ్స్ కింది సగంలో కూలి వెనకబడితే అక్కడితో ఆట అయిపోయింది, తిరిగి కొట్టే అవకాశం లేదు. సొంత ఊళ్లో ఆడుతుంటే తొమ్మిదో పై సగంలో కూలినా తర్వాత వాళ్లకు మూడు ఔట్లు మిగులుతాయి. అప్పుడే గ్రూపులో మెసేజ్ పెడితే ఏడున్నరకల్లా దాన్ని మనకే తిప్పి పంపుతారు.

రన్ల తేడా ఎంత పెద్దదైనా తొందరపడి టీవీ కట్టేయకండి. 2001 ఆగస్టు 5న సియాటిల్ మారినర్స్ ఏడో ఇన్నింగ్స్ మధ్యలో క్లీవ్‌లండ్ మీద 14-2తో ముందున్నారు. ఆ ఏడాది 116 ఆటలు గెలిచిన జట్టు అది. క్లీవ్‌లండ్ ఏడులో మూడు, ఎనిమిదిలో నాలుగు, తొమ్మిదిలో అయిదు రన్లు చేసి, పదకొండో ఇన్నింగ్స్‌లో 15-14తో గెలిచింది. పన్నెండు రన్ల తేడా చూసి టీవీ కట్టేసినవాళ్లకు పొద్దున స్కోరు మాత్రమే మిగిలింది.

ఎగతాళికి బావ వరస ఉన్నవాడు ప్రత్యర్థి అభిమాని అయితే అంతకంటే అదృష్టం లేదు. "బావా, మీ క్లోజర్‌కు కాస్త ఉగ్గాని పంపమంటావా?" అంటే చాలు, ఇద్దరూ నవ్వుకుంటారు. పెద్దవాళ్లయితే "అన్నా, నిన్న ఆట చూశావా?" అని అడిగి ఆగిపోండి, మిగతాది వాళ్లకే అర్థమవుతుంది. గాయపడి కూలబడ్డ పిచ్చర్ మీద మాత్రం ఒక్క మాట కూడా వద్దు. గ్యాలరీలోని అభిమానుల జోలికీ పోవద్దు. 2003 అక్టోబర్ 14న చికాగో కబ్స్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 3-0తో ముందుండి, వరల్డ్ సిరీస్‌కు (ఏటా చివర్లో జరిగే ఫైనల్) అయిదు ఔట్ల దూరంలో ఉన్నారు. గీత బయటికి పోయిన ఒక ఫౌల్ బంతికి గ్యాలరీలోని అభిమాని చెయ్యి తగిలిందని ఊరంతా అతని మీద పడింది. తర్వాత షార్ట్‌స్టాప్ అలెక్స్ గొంజాలెజ్ చేతికొచ్చిన బంతిని జారవిడిచాడు, ప్రత్యర్థి మార్లిన్స్ ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో ఎనిమిది రన్లు చేశారు. కూలింది జట్టు, నింద పడింది ప్రేక్షకుడి మీద. 2017లో కబ్స్ యాజమాన్యమే పిలిచి అతనికి చాంపియన్‌షిప్ ఉంగరం ఇచ్చింది. ఇంతకీ ఆ ఫౌల్ బంతి కొట్టిన బ్యాటర్ లూయిస్ కాస్టియోనే.

ఆట ముగిశాక

పుస్తకం వెంటనే మూయకండి. తప్పు జరగకపోయి ఉంటే రాని రన్లకు చుట్టూ గీత గీయండి, వాటిని అన్‌ఎర్న్‌డ్ అంటారు. 2024 వరల్డ్ సిరీస్ అయిదో ఆటలో 5-0తో ముందున్న యాంకీస్ అయిదో ఇన్నింగ్స్‌లో ఇచ్చిన అయిదు రన్లూ అలాంటివే: ఆరన్ జడ్జ్ తేలిక క్యాచ్ వదిలాడు, ఆంథొనీ వోల్పీ విసురు గురి తప్పింది, మూకీ బెట్స్ కొట్టిన నేలబంతికి పిచ్చర్ గెరిట్ కోల్ మొదటి బేస్‌కు పరుగెత్తలేదు. చివరికి డాడ్జర్స్ 7-6తో గెలిచి టైటిల్ తీసుకున్నారు. కోల్ తప్పు ఎర్రర్ కింద పడదు, ఈ1 అని రాయడానికి వీల్లేదు, బెట్స్‌కు సింగిల్ అని రాయాలి. అందుకే పక్కన చిన్న అక్షరాల్లో "3 చేతిలో బంతి, 1 రాలేదు" అని మీ మాటల్లో రాసుకోండి, బాక్స్‌స్కోర్ అనే అధికారిక స్కోరు పట్టికలో అది ఎక్కడా దొరకదు.

పేజీ పైన రెండు తేదీలూ వేయండి. రికార్డుల్లో ఆ ఆట అక్టోబర్ 30 కింద ఉంటుంది. మనకు అది 31, దీపావళి పొద్దున.