పిల్లలకు మోషన్లు: ముందు ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక చూడండి

ఏడాది, రెండేళ్ల పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగించాలని, చనుపాలు ఆపొద్దని మన వైపు ఊళ్లలో దాదాపు అందరికీ తెలుసు. "అన్నీ ఇస్తున్నం సిస్టర్, అయినా తగ్గుతలేదు" అంటూ సబ్ సెంటర్‌కు వచ్చే తల్లుల కోసం ఇది రాస్తున్నాను.

తాగిందంతా కక్కేస్తున్నాడా?

చాలాసార్లు తప్పు తాగించే తీరులోనే ఉంటుంది. దాహం మీదున్న పిల్లాడు గ్లాసు దొరికితే గడగడా తాగేస్తాడు, తాగిందంతా వెంటనే బయటికొస్తుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగండి. తర్వాత రెండు మూడు నిమిషాలకో చెంచా పట్టండి. గ్లాసు లాక్కోబోయినా, ఏడ్చినా చెంచాతోనే ఇవ్వాలి. వాంతులు ఆగాక, రెండేళ్ల లోపు పిల్లలకు మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసు వాళ్లకు 100 నుంచి 200 మి.లీ. ఇవ్వొచ్చు.

తాగుతున్నకొద్దీ మోషన్లు ఎక్కువవుతున్నాయా?

ఏం తాగిస్తున్నారో చూడండి. డబ్బా జ్యూస్, కూల్‌డ్రింక్, ఉత్త గ్లూకోజ్ పొడి నీళ్లు అయితే వెంటనే ఆపేయండి. ఎక్కువైన చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది, మోషన్ ఇంకా పల్చనవుతుంది. ఓఆర్ఎస్ అనే పేరు పెట్టుకుని తీపి డ్రింకులు కూడా ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టువదలకుండా కొట్లాడితే, 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార పదార్థాల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పొడి ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉంటేనే కొనండి.

అసలు ఓఆర్ఎస్సే ఇస్తున్నా దాహం తీరట్లేదా, పిల్లాడు చిరాకు పడుతున్నాడా?

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. మోషన్లు కాస్త తగ్గినట్టే ఉంటాయి. పిల్లాడు మాత్రం నీళ్ల కోసం అల్లాడుతుంటాడు, సన్నగా కీచుమని ఏడుస్తాడు, ఎత్తుకుంటే ఇంకా గింజుకుంటాడు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే పెద్దగా తేడా కనిపించదు, పిండిలా మెత్తగా తగులుతుంది. అందుకే ఇంట్లో వాళ్లు నీరసమేలే అనుకుంటారు.

నేను మొదట అడిగేది ఒక్కటే. "ఎట్ల కలిపినవమ్మా?" "గ్లాసుల ఏసిన సిస్టర్, ఎప్పుడు కలిపినట్టే."

అక్కడే ఉంది చిక్కు. మెడికల్ షాపుల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సైజుల్లో దొరుకుతాయి. పెద్దదాంట్లో పొడి 20 గ్రాముల పైచిలుకు, దాన్ని లీటరు నీళ్లలో కలపాలి. చిన్నదాంట్లో 4 గ్రాముల చిల్లర, అది 200 మి.లీ.కి. పోయినసారి చిన్నది వాడిన తల్లికి ఈసారి ఆశా కార్యకర్త పెద్దది ఇస్తుంది. చేతికి అలవాటైన గ్లాసులోనే అది కూడా పడుతుంది.

సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్‌లో లీటరుకు సోడియం (ఉప్పులో ఉండేదే) 75 మిల్లీమోల్స్ ఉంటుంది. లీటరు ప్యాకెట్‌ను 200 మి.లీ.లో కలిపితే అది 375 అవుతుంది. రక్తంలో ఉండాల్సింది 135 నుంచి 145. ఆ ఉప్పును పలచన చేయడానికి ఒళ్లు కణాల్లోని నీళ్లను లాగేసుకుంటుంది, మెదడు కణాలనూ వదలదు. దాంతో పిల్లాడికి దాహం ఇంకా పెరుగుతుంది. దాహమంటున్నాడని అదే గ్లాసు మళ్లీ పడతారు. ముదిరితే ఫిట్స్ వస్తాయి.

ఒకటి రెండు గుక్కలే తాగి, హుషారుగా ఉండి, మూత్రం పోస్తుంటే ఆ గ్లాసు పారబోసి కొత్తగా కలపండి, చనుపాలు ఇస్తూ గమనించండి. గ్లాసు, అంతకంటే ఎక్కువ తాగినా, పైన చెప్పిన చిరాకు, మత్తు కనిపించినా అదే రోజు పెద్ద దవాఖానకు తీసుకెళ్లండి. ఉప్పు కడిగేద్దామని ఇంట్లో ఉత్త నీళ్లు చెంబులకొద్దీ పట్టొద్దు. సోడియం ఒక్కసారిగా పడిపోతే మెదడు వాస్తుంది, మెల్లగానే దించాలి. వరంగల్ ఎంజీఎం దవాఖానకు పోయినా, దగ్గర్లోని పిల్లల డాక్టర్‌కు చూపించినా, ఖాళీ ప్యాకెట్ వెంట తీసుకెళ్లి ఎన్ని నీళ్లలో కలిపారో చెప్పండి. రక్తపరీక్ష ఎందుకు కావాలో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

కలిపేటప్పుడు ప్యాకెట్ వెనక రాసింది చదవండి. పెద్దదైతే సీల్ తీయని లీటరు వాటర్ బాటిల్ కొలతకు బాగా పనికొస్తుంది. చిన్నదైతే పాలసీసా మీది గీతలు చూసి 200 మి.లీ. పోయండి. ఇంట్లో స్టీలు గ్లాసులు ఒక్కోటి ఒక్కో సైజు, వాటిని నమ్మొద్దు. సగం పొడి వేసి, మిగతాది రబ్బరు బ్యాండు చుట్టి అరలో పెట్టే అలవాటు మానండి. పొడిలో లవణాలు సమానంగా పంచుకోవు, పైగా చెమ్మ పట్టి గడ్డకడుతుంది. మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటల్లో మిగిలింది పారబోయండి. పిల్లాడికి పట్టే ముందు మీరొక చుక్క రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే తప్పు కలిపినట్టే.

తగ్గిందనుకుంటే కొన్నాళ్లకే మళ్లీ మొదలైందా?

మోషన్లకు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ మందు మధ్యలో ఆపేసి ఉంటారు. మోషన్లు ఆగినా సరే 14 రోజులు వేయాలి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10 మి.గ్రా.

ఇక మిగతావి. పళ్లు వస్తున్నందుకు నీళ్ల విరేచనాలు కావు. మోషన్ రంగు ఆకుపచ్చగా ఉంటే ఏం ఫరవాలేదు. పెద్దవాళ్ల మోషన్ గోలీ చిన్నపిల్లలకు ముక్క కూడా వేయొద్దు. పాలు పడకపోవడం లాంటివి అరుదు, రెండు వారాలు దాటితే అప్పుడు డాక్టర్ చూసుకుంటారు.

మోషన్లో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతి, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, కళ్లు లోతుకు పోవడం, లేపినా లేవకపోవడం, చెంచా నీళ్లు కూడా మింగలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి. మింగగలుగుతుంటే దారిలోనూ చెంచాతో ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.