పండక్కి తాళం వేసే ముందు సీసీ కెమెరా హార్డ్ డిస్క్ సంగతి చూసుకోండి

సంక్రాంతికి ఊరెళ్లే రోజు అందరిళ్లలోనూ ఒకటే హడావుడి. గ్యాస్ కట్టేశామా, మోటార్ స్విచ్ ఆపామా, పాలబ్బాయికి చెప్పామా, నగలు లాకర్లో పెట్టామా. ఆఖర్న ఫోన్‌లో కెమెరా యాప్ తెరుస్తాం. గేటు కనిపిస్తోంది, మెట్లు కనిపిస్తున్నాయి, వరండా పక్కన బండి కనిపిస్తోంది. ఇంకేం, బ్యాగులు డిక్కీలో పడేసి పంతంగి టోల్‌గేట్ క్యూలో చేరిపోతాం.

ఆ ఆఖరి పని సగమే చేశాం. యాప్‌లో లైవ్ రావడానికి హార్డ్ డిస్క్‌తో పనే లేదు. కెమెరా, డీవీఆర్ (కెమెరాల వీడియోను రికార్డ్ చేసే పెట్టె), ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే బొమ్మ వచ్చేస్తుంది. డిస్క్ పోయి మూడు నెలలైనా లైవ్ శుభ్రంగానే కనిపిస్తుంది.

రెండేళ్ల కిందట మా బావగారింట్లో జరిగింది ఇదే. పండగ నుంచి తిరిగొచ్చేసరికి వరండా పక్కన బైక్ లేదు. నన్ను పిలిచారు. పాత రికార్డింగులు చూపించే ప్లేబ్యాక్‌లో క్యాలెండర్ తెరిస్తే, రికార్డింగ్ ఉన్న తేదీల మీద గుర్తు ఉంటుంది. జనవరి అంతా ఖాళీ. డిసెంబరూ ఖాళీ. చివరి గుర్తు దసరా తర్వాతి వారంలో ఉంది. "రోజూ ఫోన్‌లో చూస్తూనే ఉన్నాను కదోయ్!" అంటారాయన. చూస్తూనే ఉన్నారు పాపం, నిజమే. డీవీఆర్ మూత విప్పితే లోపల ఉన్నది మామూలు కంప్యూటర్ డిస్క్, అదీ ఎక్కడో ఊడదీసి తెచ్చింది. బిల్లులో "1 టీబీ హార్డ్ డిస్క్" అని మాత్రమే రాసి ఉంది. అందులో అబద్ధమేమీ లేదు మరి.

అందుకని ఈ డిసెంబరులోనే ఒక పావుగంట కేటాయించండి. లైవ్ వద్దు, ప్లేబ్యాక్ తెరవండి. నిన్న తెల్లవారుజామున మూడు గంటలకు గేటు కెమెరాలో ఏముందో చూడండి. వారం కిందటిది చూడండి. ఒక్కో కెమెరా విడివిడిగా చూడాలి, ఎందుకంటే నాలుగింట్లో ఒకదానికి రికార్డింగ్ షెడ్యూల్ పెట్టడం మర్చిపోయిన ఇళ్లు కూడా నేను చూశాను. అన్నిటికంటే పాత తేదీ ఏది దొరుకుతోందో కాగితం మీద రాసుకోండి. మీ డిస్క్‌లో ఎన్ని రోజులు పడుతున్నాయో చెప్పేది ఆ తేదీ ఒక్కటే. తర్వాత డీవీఆర్ మెనూలో స్టోరేజ్ పేజీకి వెళ్లి డిస్క్ స్టేటస్ చూడండి. అలారం సెట్టింగుల్లో డిస్క్ ఎర్రర్ వస్తే బజర్ మోగేలా, ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టే వీలుంటుంది. చాలా ఇళ్లలో అది ఆపేసి ఉంటుంది. ఏదో ఒక రోజు కుయ్‌కుయ్ అని మోగుతుంటే విసుగొచ్చి మనమే ఆపించేసి ఉంటాం.

ఇక ఎంత డిస్క్ కావాలి? షాపులో అడిగితే "నాలుగు కెమెరాలా? 1 టీబీ సరిపోతుంది సార్" అంటారు. సరిపోవచ్చు, పోకపోవచ్చు. అది కెమెరాల లెక్కను బట్టి తేలదు, ఒక్కో కెమెరా బిట్‌రేట్‌ని, అంటే సెకనుకు ఎంత డేటా పంపుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది. గుర్తుంచుకోవడానికి ఒకే అంకె: 1 ఎంబీపీఎస్‌తో, అంటే సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున, రోజంతా ఆగకుండా రికార్డ్ చేస్తే 10.8 జీబీ అవుతుంది. డీవీఆర్ మెనూలో ఎన్‌కోడ్ పేజీలో ప్రతి కెమెరాకీ బిట్‌రేట్ రాసి ఉంటుంది. 2048 అని ఉంటే దాదాపు 2 ఎంబీపీఎస్ అన్నమాట.

2 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ దగ్గర పెట్టారనుకోండి. రోజుకు 86 జీబీ పైచిలుకు. 1 టీబీ (వెయ్యి జీబీ) డిస్క్ పదకొండు రోజులకు నిండుతుంది, ఆపైన పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. అదే 4, 5 మెగాపిక్సెల్ కెమెరాలై, ఒక్కోటి 4 ఎంబీపీఎస్ తీసుకుంటే అదే డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. మీరు జనవరి 10న బయల్దేరారు. 11 రాత్రి ఎవడో గోడ దూకాడు. మీరు కనుమ, ముక్కనుమ కూడా చూసుకుని 19న తిరిగొచ్చారు. 17వ తేదీకల్లా ఆ గోడ దూకిన దృశ్యం మీద మీ వీధి కుక్కల దృశ్యం పడిపోయి ఉంటుంది. కెమెరా పనిచేసింది, డిస్కూ పనిచేసింది, దొంగ మాత్రం దొరకడు.

నా లెక్క ఇది. ఊళ్లో ఉండే రోజులకు ఇంకో వారం కలపండి. తిరిగొచ్చిన రోజే అన్నీ బయటపడవు, బీరువాలో ఒక గొలుసు లేదని తెలియడానికే నాలుగు రోజులు పట్టొచ్చు. మామూలు ఇంటికి పదిహేను రోజులు తక్కువలో తక్కువ, ఇరవై ఉంటే నిశ్చింత. షాపులు, ఫంక్షన్ హాళ్లలాంటి వందమందికి పైగా గుమిగూడే చోట్ల 30 రోజుల ఫుటేజీ దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం చెబుతోంది. ఇళ్లకు ఆ నిబంధన లేదు. అయినా పెద్ద డిస్క్ కొనగలిగితే ఆ 30 రోజులు లక్ష్యంగా పెట్టుకోవడంలో తప్పులేదు.

డిస్క్ మార్చే ముందు ఒక ఖర్చులేని పని ఉంది. వీడియోని కుదించి దాచే పద్ధతి (కంప్రెషన్) హెచ్.264లో ఉంటే హెచ్.265కి మార్చండి. దాదాపు అదే నాణ్యతతో సుమారు సగం చోటు మిగులుతుంది. కెమెరా, డీవీఆర్ రెండూ అందుకు పనికొచ్చేవై ఉండాలి. మార్చాక బిట్‌రేట్ కూడా తగ్గించాలి, లేకపోతే చోటేమీ మిగలదు. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టమని కొందరు చెబుతారు. ఇంటి లోపలి కెమెరాలకు అది మంచిదే. గేటు కెమెరాకు మాత్రం నేను వద్దంటాను. రాత్రిపూట లెన్స్ ముందు సాలీడు ఊగినా, బల్లి పాకినా రికార్డవుతుంది. దూరంగా చీకట్లో నక్కి వచ్చేవాడు మాత్రం ఒక్కోసారి తప్పిపోతాడు. గేటుకు ఇరవైనాలుగు గంటలూ పెట్టండి.

ఏ డిస్క్ అన్నది తర్వాతి ప్రశ్న. నిఘా కోసమే తయారయ్యేవి వేరే ఉన్నాయి: వెస్ట్రన్ డిజిటల్ వాళ్ల పర్పుల్, సీగేట్ స్కైహాక్, తోషిబా ఎస్300. ఇవెందుకు, మామూలు డిస్క్ చవక కదా అంటే, సేల్స్ కుర్రాళ్లు సాధారణంగా చెప్పే కారణం ఏడాదికి ఎంత డేటా రాయొచ్చన్నది. పర్పుల్, స్కైహాక్ ఏడాదికి 180 టీబీ రాతకు తగ్గట్టు చేసినవి, మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌కి 55 టీబీ దాకా చెబుతారు. నిజం చెప్పాలంటే 2 ఎంబీపీఎస్‌తో నడిచే మన నాలుగు కెమెరాల ఇంటికి ఏడాదికి 32 టీబీ కూడా దాటదు, కాబట్టి ఆ వాదన మనకు అంతగా వర్తించదు. ఎనిమిది కెమెరాలు 4 ఎంబీపీఎస్‌తో నడిపితే 126 టీబీ అవుతుంది, అప్పుడు వర్తిస్తుంది.

అసలు తేడా గంటల్లో ఉంది. సీగేట్ తన డెస్క్‌టాప్ డిస్క్ బారాకుడాకి ఏడాదికి 2,400 గంటల వాడకం అని రాసుకుంది. అంటే రోజుకు ఆరున్నర గంటలు, ఆఫీసు కంప్యూటర్ లెక్క. డీవీఆర్‌లో డిస్క్ ఏడాదికి 8,760 గంటలు తిరుగుతుంది. పగలు పొలం పనికి తెచ్చిన ఎద్దును రాత్రి గానుగకు కూడా కట్టినట్టు. ఇంకో తేడా కూడా ఉంది. ఎక్కడైనా ఒక చోట రాయడం కుదరకపోతే మామూలు డిస్క్ అక్కడే పట్టుపట్టి మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది, ఎందుకంటే కంప్యూటర్‌లో ఒక్క అక్షరం పోయినా ఫైలు పాడవుతుంది. నిఘా డిస్క్ ఒక ఫ్రేము పోతే పోనీ అని ముందుకెళ్లిపోతుంది. వీడియోకి కావలసింది ఆ గుణమే. వారంటీ కూడా మామూలువాటికి రెండేళ్లుంటే వీటికి మూడేళ్లు.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి, మోడల్ నంబర్ చదవండి. పర్పుల్ అయితే నంబర్లో పీయూఆర్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. స్కైహాక్ అయితే వీఎక్స్ ఉంటుంది. సీగేట్‌లోనే డీఎం అని ఉంటే అది డెస్క్‌టాప్ డిస్క్. బిల్లులో "1 టీబీ" అని వదిలేయకుండా పూర్తి మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాయించుకోండి. సీరియల్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ ఎప్పటిదాకా ఉందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఇప్పటికే సగం అయిపోయిందని వచ్చినా, మన దేశానికి వర్తించదని వచ్చినా తిరిగిచ్చేయండి. సికింద్రాబాద్ సీటీసీలాంటి కంప్యూటర్ మార్కెట్‌లో పక్కపక్క షాపుల్లోనే ధర బాగా తేడా వస్తే, చవకగా ఇచ్చేది వాడేసినదా అని ఒకసారి అనుమానించాలి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే డీవీఆర్‌లో పెట్టక ముందే తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎన్ని గంటలు నడిచిందో చూడొచ్చు. ఇదీ నూటికి నూరుపాళ్లు నమ్మలేం. 2025 మొదట్లో జర్మనీలో, ఆ అంకెను సున్నా చేసి వేల గంటలు వాడిన పెద్ద డిస్కులను కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. సీరియల్ నంబర్, సీలు, బిల్లు మూడూ కలిపి చూసుకోవడమే దారి.

పెద్ద డిస్క్ కొనే ముందు డీవీఆర్ ఎంతవరకు తీసుకుంటుందో మాన్యువల్లో చూడండి. చిన్నవి కొన్ని 6 టీబీ దగ్గరే ఆగిపోతాయి. అడాప్టర్ కూడా చూడాలి. నాలుగు కెమెరాల డీవీఆర్‌తో సాధారణంగా 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తారు. ఎక్కువ వేగంతో తిరిగే డిస్క్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు అది చాలకపోవచ్చు. టక్‌టక్ మని చప్పుడు, డీవీఆర్ దానంతటదే మళ్లీమళ్లీ ఆన్ అవడం కనిపిస్తే డిస్క్‌ని తిట్టే ముందు అడాప్టర్ మార్చి చూడండి. ఇక 1 టీబీ డిస్క్ మెనూలో 931 జీబీ అని చూపిస్తే గొడవపడకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే.

ఇవన్నీ భోగి ముందు రోజు పెట్టుకోవద్దు. కొత్త డిస్క్‌లో లోపం ఉంటే చాలావరకు మొదటి వారాల్లోనే బయటపడుతుంది. మూడు వారాల ముందు వేయించి, దాని నడక చూసి, అప్పుడు బయల్దేరండి. ఇంకొకటి, కొత్త డిస్క్ పెట్టగానే డీవీఆర్ ఫార్మాట్ చేయమంటుంది, చేయాలి. పాత డిస్క్‌ని కంప్యూటర్‌కి తగిలిస్తే విండోస్ కూడా అదే అడుగుతుంది. అక్కడ మాత్రం పొరపాటున కూడా ఓకే కొట్టొద్దు, ఉన్న ఫుటేజీ పోతుంది.

డీవీఆర్ ఎక్కడ పెట్టారు? హాల్లో టీవీ కింద పెడితే దొంగ మొదట ఎత్తుకెళ్లేది దాన్నే. ఇలాంటి వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. అలాగని రేకుల కప్పు కింద అటక మీద దాస్తే మే నెల ఎండకు డిస్క్ ఉడికిపోతుంది. ఇన్వర్టర్ పైన పెట్టడం ఇంకో అలవాటు, ఆ వేడి, బ్యాటరీ ఆవిర్లు దానికి పడవు. లోపలి గదిలో, గాలి ఆడే చిల్లులున్న చిన్న ఇనుప పెట్టెను గోడకు బిగించి తాళం వేయడం మేలు. కరెంటు మాత్రం ఇన్వర్టర్ లైన్ నుంచే ఇవ్వండి, రౌటర్‌కి కూడా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రాస్తున్న డిస్క్ టక్కున ఆగిపోవడం దాని ఆయుష్షుకు మంచిది కాదు. ఊరెళ్తూ మెయిన్ స్విచ్ ఆపేసే అలవాటున్నవాళ్లు, ఇన్వర్టర్ ఎన్ని గంటలు లాగుతుందో ముందు ఆలోచించుకోండి.

డీవీఆర్ గడియారాన్ని ఫోన్‌తో సరిచూడండి. లోపలి బటన్ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది, అప్పుడు రికార్డింగ్ ఉన్నా వెతికితే దొరకదు.

ఇంత చేసినా పోలీసులకు చెప్పి వెళ్లడం మానకండి. ఆంధ్రలో తాళం వేసిన ఇళ్ల కోసం పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు రెండ్రోజులకోసారి ఫోన్‌లో లైవ్ కాకుండా ముందు రాత్రి ప్లేబ్యాక్ తెరిచి చూడండి.

ఏదైనా జరిగే ఉంటే, ఆ రోజే ఆ కెమెరాల ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. సంఘటనకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా తీసుకోండి, రెక్కీకి వచ్చినవాడు ముందే కనిపిస్తాడు. గడియారం తేడా ఉంటే ఎన్ని నిమిషాలో రాసిపెట్టండి. డిస్క్‌ని మీరు ఊడదీయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఇలాంటి రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. అది ఏ పరికరంలోంచి ఎలా తీశారో అందులో రాయాలి కాబట్టి, పోలీసులు చెప్పినట్టే చేయండి.

మార్చేసిన పాత డిస్క్‌ని పాత సామాన్లవాడికి వేయకండి. అందులో మీ ఇంట్లోకి ఎవరు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు ఇల్లు ఖాళీగా ఉంటుందో అంతా ఉంటుంది, పైపైన ఫార్మాట్ చేస్తే పోదు. డ్రిల్లుతో రెండు చిల్లులు పెట్టి పారేయండి. మా బావగారిది నా అల్మారాలోనే ఉంది. "దసరా ఫొటోలేమైనా వస్తాయేమో చూడోయ్" అని ఇప్పటికీ అడుగుతుంటారు.