“ఏం చదువుతున్నారండీ?” అని అడిగితే ఏం చెప్పాలి

“ఏదైనా మంచి పుస్తకం చెప్పండి” అని ఎవరైనా అడిగితే టక్కున పేరు చెప్పేయకండి. “చివరిగా ఏ పుస్తకం పూర్తి చేశారు?” అని ముందు మీరే అడగండి. చిన్నప్పుడు చందమామ చదివాను, అంతే అనేవాళ్ళుంటారు. పెళ్ళికి ముందు యద్దనపూడి సీరియల్స్, తర్వాత ఏం లేదు అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు మొహమాటపడినా మీరు నవ్వకండి. ఏ పుస్తకం ఇవ్వాలో తేల్చేది ఆ జవాబే.

నేను తెనాలి నుంచి బెజవాడకి సీజన్ టికెట్ మీద తిరిగే ఉద్యోగిని. మా లేడీస్ బోగీలో పచ్చళ్ళ డబ్బాలతో పాటు పుస్తకాలూ చేతులు మారుతుంటాయి. ఇక్కడ చెప్పేవన్నీ ఆ బోగీలో పనిచేసిన పద్ధతులే.

పుస్తకం గురించి చదువుతుండగానే చెప్పడం మంచిది. “అద్భుతం, తప్పక చదవండి” అంటే తలూపి ఊరుకుంటారు. “అమరావతి కథలు మొదలుపెట్టాను, ఒక్కో కథ మూడు నాలుగు పేజీలే, దుగ్గిరాల వచ్చేలోపు ఒకటి అయిపోతోంది” అనండి, పక్క సీటావిడ చెయ్యి చాపుతుంది. సత్యం శంకరమంచి రాసిన ఆ కథలు మొత్తం వంద. ఎక్కడ తెరిచినా మొదలుపెట్టొచ్చు, ఎక్కడైనా ఆపొచ్చు. రోజూ ప్రయాణాలు చేసేవాళ్ళకి కథ ఎంత గొప్పదన్న దానికంటే ఈ సంగతే ముందు కావాలి. సగంలో వదిలేసినవి కూడా చెప్పండి. “అరవయ్యో పేజీ దగ్గర ఆపేశాను, నావల్ల కాలేదు” అనే మనిషి “ఇది బాగుంది” అంటే నమ్మబుద్ధవుతుంది.

వాట్సాప్ స్టేటస్‌లో అట్ట ఫొటో కంటే లోపలి పేజీ ఫొటో పెట్టండి, ఒక పేరా చాలు. భాష ఎలా ఉందో తెలుస్తుంది, అక్షరాల సైజు కూడా తెలుస్తుంది. నలభై ఐదు దాటినవాళ్ళకి రైలు కుదుపుల్లో సన్నచ్చు పుస్తకం ఇస్తే, కథ ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. పీడీఎఫ్‌లు మాత్రం పంపకండి. షాపులో దొరుకుతున్న పుస్తకాన్ని అలా పంచడం రచయితకి అన్యాయం, పైగా ఫోన్లో పడ్డ పీడీఎఫ్‌ని తెరిచినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. పాత పత్రికల్లో వచ్చి ఎక్కడా దొరకని కథలకైతే, కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో బోలెడు కథలు స్కాన్ చేసి పెట్టారు.

సలహా ఇచ్చేటప్పుడు ఒక్క పుస్తకమే చెప్పండి. మాలపల్లి, వేయిపడగలు, చివరకు మిగిలేది అని వరసగా అప్పజెప్పేవాళ్ళుంటారు. గొప్పవే, కాదనను. కానీ చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ చదువుదామనుకుంటున్న మనిషికి అంత లావు వేయిపడగలు ఇస్తే, దాని మీద కళ్ళజోడు పెట్టుకుంటారు, అంతే. కథల సంపుటి అయితే ఏ కథతో మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

ముగింపు గుర్తు తెచ్చుకోకుండా ఏ పుస్తకం పేరూ ఎత్తకండి. శ్రీరమణ గారి ‘మిథునం’ అనగానే అందరికీ తిండి కబుర్లు, ఆ ముసలి దంపతుల కీచులాటలే గుర్తొస్తాయి. హాయిగా ఉంటుంది చదువు అనేస్తారు. ఆ కథ చివర్లో చావుంది. మా బోగీలో ఒకావిడకి భర్త పోయి మూడు నెలలు కాలేదు. ఆవిడ మనసు తేలికపడుతుందని ఒకమ్మాయి ఆ పుస్తకమే బ్యాగులోంచి తీస్తుంటే, మెల్లగా చెయ్యి పట్టుకుని ఆపాను. రెండేళ్ళ తర్వాత అదే ఆవిడకి అదే కథ నచ్చొచ్చు. ఇప్పుడు కాదు. ‘మైదానం’ కూడా అంతే. చిన్న పుస్తకమే కదా అని చలాన్ని కొత్తవాళ్ళ చేతిలో పెట్టేముందు, పెళ్ళయినావిడ ఇల్లొదిలి ఇంకొకరితో వెళ్ళిపోయే కథ అని ఒక్క మాట చెప్పండి. 1927 నాటిదే అయినా ఇప్పటికీ ఉలిక్కిపడేవాళ్ళున్నారు. చెప్పి ఇస్తే ఇష్టంగా తీసుకునేవాళ్ళూ ఉన్నారు.

యాసలో రాసిన పుస్తకమైతే మొదటి రెండు పేజీలు మీరే పైకి చదివి వినిపించండి. నామిని ‘సినబ్బ కతలు’ చూసి, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి “ఇదేం తెలుగక్కా?” అంది. చిత్తూరు మాట కంటికి కష్టం, చెవికి కాదు. కృష్ణా కెనాల్ స్టేషన్ దాకా చదివాను. చుట్టుపక్కల నలుగురూ నవ్వుతూనే ఉన్నారు. బెజవాడలో దిగేటప్పటికి పుస్తకం ఆ అమ్మాయి బ్యాగులో ఉంది.

అరువిచ్చేటప్పుడు పుస్తకం పట్టుకున్న మనిషిని ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎవరికిచ్చామో, ఎప్పుడిచ్చామో రెండూ దాంట్లోనే ఉంటాయి. కొనుక్కుంటామంటే బెజవాడ ఏలూరు రోడ్డు షాపులున్నాయి, జనవరిలో పుస్తక మహోత్సవం ఉంది. హైదరాబాద్ వాళ్ళకి డిసెంబరు బుక్ ఫెయిర్, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్.

ఇచ్చాక “చదివారా?” అని వెంటపడకండి, మిమ్మల్ని చూసి బోగీ మారుస్తారు. నెల దాటాక “ఇంకొకరు అడుగుతున్నారు, అయిపోతే ఇస్తారా?” అంటే చాలు. చదవలేకపోయానని తిరిగిస్తే ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో కనుక్కోండి. ఏడుపొచ్చి ఆపేసినవాళ్ళకి ‘బుడుగు’ ఇవ్వండి. బోర్ కొట్టి ఆపేసినవాళ్ళకి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఏదైనా సరే, పొద్దున బండిలో ఇస్తే సాయంత్రం బండికల్లా అందులో హంతకుడెవరో మీకే చెప్పబోతారు.