పీడ్‌మాంట్ వైన్లను ఎంచుకోవడం, వడ్డించడం ఎలా?

ఇటలీకి వాయవ్యాన, ఆల్ప్స్ పర్వతాల చెంత ఉన్న పీడ్‌మాంట్ వైన్లను రుచి చూడాలనుకునేవారు చాలామంది పేరుప్రతిష్ఠలు చూసి నేరుగా బరోలో అనే ఖరీదైన ఎర్ర వైన్‌తో మొదలుపెడతారు. అది సరైన దారి కాదని నా అభిప్రాయం. ముందుగా ద్రాక్ష రకాలను నాలుకతో గుర్తుపట్టడం అలవాటైతేనే, ఖరీదైన సీసా కొన్ననాడు అందులోని గొప్పదనం తెలుస్తుంది.

మొదట లేబుల్ చదవడం నేర్చుకోండి. బార్బెరా దాస్తి, దోల్చెత్తో దాల్బా వంటి వాటిలో ముందున్నది ద్రాక్ష పేరు, తరువాతిది ఊరి పేరు. బరోలో, బార్బరెస్కో మాత్రం ఊళ్ల పేర్లే. సాధారణంగా లేబుల్ మీద ద్రాక్ష పేరు కనిపించకపోయినా, రెండింటినీ పూర్తిగా నెబ్బియోలో ద్రాక్షతోనే చేస్తారు.

బార్బెరాతో ప్రారంభించండి. రంగు చిక్కగా, పులుపు ఎక్కువగా, వగరు తక్కువగా ఉండే ఈ వైన్ టమాటా వేసి వండిన మాంసానికి చక్కగా నప్పుతుంది. దోల్చెత్తోలో పులుపు తక్కువ. దాన్ని ఎక్కువకాలం దాచకుండా తాగేయాలి.

ఆ తరువాత నెబ్బియోలో వైపు రండి. ఈ ద్రాక్ష ఆలస్యంగా, చాలా ఏళ్లలో అక్టోబరులో గాని కోతకు రాదు కనుక, లాంగే కొండల్లో ఎండ బాగా తగిలే వాలులను దీనికే కేటాయిస్తారు. గ్లాసులో పోసి తెల్లకాగితం మీదికి వంచి చూస్తే, రంగు పలచగా, వయసు పెరిగేకొద్దీ అంచు ఇటుక ఛాయకు తిరుగుతూ కనిపిస్తుంది; ఆ పలచదనం చూసి తేలికపాటి వైన్ అనుకుంటే, మొదటి గుక్కకే చిగుళ్లు పట్టేసేంత వగరు తగులుతుంది. ఆ వగరు మెత్తబడటానికే బరోలోను, కోత కోసిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కించి, కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలని, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాలని నిబంధన పెట్టారు. బార్బరెస్కోకు 26 నెలలు చాలు. కాబట్టి ముందు లాంగే నెబ్బియోలో, తరువాత బార్బరెస్కో, చివరకు బరోలో అనే క్రమం పాటించండి. బరోలోలోనూ లా మొర్రా గ్రామపు వైన్లు సాధారణంగా సుతిమెత్తగా ఉంటాయి. సెర్రలుంగా గ్రామపువి బిగువుగా ఉండి, చాలా ఏళ్లు ఆగాలని కోరతాయి.

ఎర్ర వైన్‌ను గది వేడిలో వడ్డించవచ్చన్న మాట మన హైదరాబాద్, విజయవాడ ఎండాకాలానికి వర్తించదు. బరోలోను 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండేలా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పాత సీసా అయితే ముందురోజే నిలబెట్టి, మడ్డి అడుగుకు చేరాక, కదలకుండా మెల్లగా మరో పాత్రలోకి వంచుకోండి. కారం దట్టించిన కూరతో మాత్రం దీన్ని వడ్డించకండి. వగరు, ఆల్కహాలు కలిసి మంటను పెంచుతాయి.

తెల్ల వైన్లలో రొయెరో కొండల ఆర్నెయిస్, కోర్తేసే ద్రాక్షతో చేసే గావి చేపలకు తగినవి. భోజనం చివర పండ్లతో, మిఠాయితో మొస్కాతో దాస్తి పోయండి. కొద్దిపాటి నురగతో తియ్యగా ఉండే ఈ వైన్‌లో ఆల్కహాలు 5 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. దీని పరిమళం నిలవ ఉంచితే తగ్గిపోతుంది కనుక, అన్నిటికన్నా ఇటీవలి కోతకు చెందిన సీసానే అడిగి తీసుకుని, బాగా చల్లబరిచి వడ్డించండి.